పద్నాలుగు ముళ్ల తాడు

ఆవిరి యంత్రం కనిపెట్టినవాడి పేరు పుస్తకాల్లో ఉంది. రైలు కనిపెట్టినవాడి పేరు ఉంది. పత్తి నుంచి గింజను విడదీసే జిన్ను కనిపెట్టినవాడి పేరూ ఉంది. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, మద్దులగుంపు పత్తి మిల్లులో పన్నెండు యంత్రాలను ఒక్క చేత్తో ఆపే సాధనం కనిపెట్టినవాడి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. వాడి పేరు ముత్యాలు. వాడు నేనే. నలభై ఏళ్ల నుంచి ఫిట్టరును. ఐదు దాకా చదివాను. ఆరో తరగతి నా తెలివికి భయపడి మా ఊరికి రాలేదు.

నవ్వండి తమ్ముళ్లూ. కాలేజీ సంచులు తగిలించుకుని వచ్చిన పిల్లలు, మీరూ నవ్వండి. కానీ కథ అయ్యేదాకా ఈ గేటు దగ్గర నుంచి ఎవరూ కదలొద్దు. ఇది మీ మిల్లు గేటు. నేను చెప్పేది మా మిల్లు సంగతి. రెండింటికీ ఎంత దూరమో చివర్న మీరే కొలుచుకోండి.

ముందు సుజాత చెయ్యి సంగతి చెప్పాలి.

పోయిన దసరాకు జిన్నులన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి పది రోజులు కాలేదు. మా మిల్లులో జిన్నులు రెండు వరసలు. నేల కింద కందకంలో పొడుగాటి ఇరుసు తిరుగుతుంటుంది. దాన్నుంచి ఒక్కో జిన్నుకు ఒక్కో బెల్టు. అన్నిటికీ కలిపి ఒకే మోటారు, ఒకే స్విచ్చు. స్విచ్చు గదికి ఒకే తాళం. ఆ తాళంచెవి నా మొలతాడుకు. సేటు కూడా కావాలంటే నన్నే అడగాలి. పెళ్లి అయినప్పుడు కూడా నేనంత నిటారుగా నడవలేదు, ఆ తాళంచెవి వచ్చాక నడిచాను.

సుజాతకు ఇరవై రెండేళ్లు. ఇల్లందు బొగ్గుబావుల్లో కాంట్రాక్టు పని చేసే మనిషి బిడ్డ. మూడో నెంబరు జిన్ను మీద పత్తి పెడుతుంటుంది. ఆ రోజు తడి పత్తి ఉండ ఒకటి రోలరు దగ్గర ఇరుక్కుంది. వేలితో లాగబోయింది. రోలరు ముందు వేళ్లను పట్టుకుంది, తర్వాత మణికట్టును పట్టుకుంది. పిల్ల అరిచింది. పన్నెండు జిన్నులు తిరిగేటప్పుడు ఎవరి అరుపు ఎవరికి వినపడుతుంది? పక్క జిన్ను మనిషి తలతిప్పి చూసేదాకా ఎవరికీ తెలియదు. చూశాక అందరూ స్విచ్చు గదికి పరుగెత్తారు. తాళం.

నేనెక్కడున్నాను? రోడ్డవతల హోటల్లో, బల్ల మీద కాళ్లు ముడుచుకుని, చాయ్ తాగుతూ, కిన్నెరసాని వరదలో కొట్టుకుపోతున్న రైలింజన్ను ఒక్కణ్నే తోక పట్టుకుని ఆపిన ముచ్చట చెబుతున్నాను. ఇంజనుకు తోక ఉంటుందా అని ఎవడో అడుగుతుండగా మా మిల్లులో పనిచేసే జంపక్క ఉత్తకాళ్లతో రోడ్డు దాటి వచ్చింది. నా నడుము వైపు చెయ్యి చూపించింది.

నేను పరుగెత్తాను. ముసలి పరుగు. తాళం తీసి స్విచ్చు దించేసరికి చెయ్యి అయిపోయింది. ఖమ్మం దవాఖానాలో మణికట్టు పైదాకా తీసేశారు.

మిల్లు సేటు రాంబాబు గారు ఆ సాయంత్రం కారు దిగి, జిన్ను చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"చెయ్యి పెట్టొద్దని గోడ మీద అంత పెద్ద అక్షరాల్తో రాయించాం కదయ్యా. చదువుకోకపోతే ఎవరి తప్పు?"

బేళ్లు మోసే హమాలీల పెద్ద సోమ్లా, తండా మనిషి, ఎవరికీ జంకడు. "సుజాత ఇంటర్ చదివింది సేటూ. సదువు రానిది రోలర్‌కే" అన్నాడు.

సేటు విననట్టు పోయాడు. పోతూ పోతూ నెత్తురు తగిలిన పత్తిని వేరే కుప్పగా పెట్టమన్నాడు. కలిస్తే దూదిలో రంగు తేలుతుందట. మరునాడు పొద్దున ఎనిమిదింటికి మూడో నెంబరు జిన్ను మీద ఇంకో పిల్ల నిలబడింది.

నన్ను జంపక్క ఒక్కతే అడిగింది.

"మావా, తాళంచెవి నీ నడుముకే ఎందుకుండాలె?"

"మిషన్ ఎరికున్నోని కాడ ఉండాలె."

"ఎరికున్నోడు చాయ్ కాడ ఉండె గద."

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. వారం రోజులు ఆలోచించాను. అప్పుడు వెలిగింది. చిన్నప్పుడు మా జొన్నచేలో మంచె మీద కూర్చుని చిలకలను తోలేవాణ్ని. మంచె నుంచి చేను నాలుగు మూలలకూ తాళ్లు, తాళ్లకు డబ్బాలు. ఎక్కడ పట్టుకుని లాగినా అన్ని డబ్బాలూ మోగుతాయి. ఆహా, ఇదే కదా అని—

ఆగండి. ఆ వెనకున్న పెద్దమనిషి నవ్వుతున్నాడు. మా ఊరివాడే. మాది కమ్మరి ఇల్లని, మాకు జొన్నచేను కాదు గదా జొన్నకంకి కూడా లేదని ఆయనకు తెలుసు. సరే, పట్టుబడ్డాను. ఆ తాడు నేను కనిపెట్టలేదు. మంచె జంపక్కది, చేను జంపక్కది, ఆలోచనా జంపక్కదే. ఇందాక చెప్పుకున్న గొప్ప ఇక్కడే దించేస్తున్నాను. బరువు తగ్గింది, నడక సుఖంగా ఉంటుంది.

జంపక్క కోయ మనిషి. యాభై దాటింది. ఏడో నెంబరు జిన్ను మీద పద్దెనిమిదేళ్ల నుంచి పని చేస్తోంది. వేలిముద్ర తప్ప సంతకం రాదు. ఆదివారం మిల్లు బందు. ఆ రోజు నా ఇంటికి వచ్చి స్విచ్చు గది తాళం తియ్యమంది. స్విచ్చు పిడి మీద తిరగలి రాయి చెక్క వేలాడదీస్తుందట. దాన్ని ఒక కర్ర మేకు ఆపి ఉంచుతుందట, అడవిలో ఎలుకలకు పెట్టే రాతి బోను లెక్క. మేకుకు కట్టిన తాడు వెంటిలేటరు లోంచి బయటికొచ్చి, పన్నెండు జిన్నుల మీదుగా, చేతికందే ఎత్తులో పోతుందట. ఎవరు ఎక్కడ లాగినా మేకు ఊడుతుంది, రాయి పడుతుంది, పిడి దిగుతుంది, మోటారు ఆగుతుంది.

"చేన్ల చిలకలను తోలనీకి ఉన్న అక్కెర మనిషి చేతికి లేకపాయె మావా" అంది.

పని చెయ్యదని, చూసి నవ్వుకుందామని, తాళం తీశాను.

తాడు కొనలేదు వాళ్లు. ఆడవాళ్లు పద్నాలుగు మంది తలా ఒక ముక్క తెచ్చారు. ఒకరిది బావి చేదతాడు, ఒకరిది ఎద్దు పగ్గం, ఒకరిది మంచం నులక. ముక్కకు ముక్క ముడి వెయ్యాలి. నేర్పున్న జంపక్కే అన్నీ వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"మా గుంపుల కొత్త చిక్కుడుకాయ చెట్టుకు ఏలాడుతున్నా పండుగ చెయ్యందే ఎవ్వలం నోట్ల పెట్టం. పండుగనాడు అందరం ఒక్కపారే. ముందు నోరు ఎనక నోరు ఉండది. కొత్త తాడు గూడ గంతే. తలా ఓ ముడి ఎయ్యుండ్రి. అందరి ముళ్లు పడ్డంకనే లాగుడు."

సుజాత దవాఖానా నుంచి వచ్చి నాలుగు రోజులైంది. కట్టుతో వచ్చింది. ఎడమ చేత్తో పట్టి, పళ్లతో బిగించి ముడి వేసింది. నా భార్య బతుకమ్మ పదో నెంబరు జిన్ను మనిషి. ఆమె కూడా ఒకటి వేసింది. మేకుకు పడ్డది పద్నాలుగో ముడి. జంపక్క నా వైపు తిరిగింది.

"రా మావా. నువ్వో ముడి ఎయ్."

"గొడ్ల పగ్గాలు ముడేసేటోన్నా నేను? ఫిట్టర్ను."

ఆ మాట నేను అన్నాను. గుర్తుపెట్టుకోండి, దాని వడ్డీ తర్వాత వస్తుంది.

నేను స్విచ్చు వేశాను, అందరూ కలిసి లాగారు. రాయి పడింది, పిడి దిగింది, ఇరుసు నాలుగు తిప్పలు తిరిగి ఆగింది. నా మొలకున్న తాళంచెవి ఇంత ఇనప ముక్కయిపోయింది. ఈర్ష్యను కడుపుమంట అంటారు. నాకు కడుపులో మండలేదు. మొల దగ్గర మండింది, తాళంచెవి వేలాడే చోట.

పన్నెండు రోజులకు బతుకమ్మ చీర కొంగు కందకంలో బెల్టుకు చిక్కింది. కొంగుతో పాటు మెడ వంగింది, నడుము వంగింది. ఎవరు లాగారో తెలియదు, తాడు లాగారు. మిల్లు ఆగింది. ఆ ఆగిన నిశ్శబ్దానికి గోదావరి అవతల అడవిలో ఒక పులి ఉలిక్కిపడి లేచి కూర్చుందని చెప్పుకుంటారు. బతుకమ్మ మొహం బెల్టుకు జానెడు దూరంలో నిలిచింది. పెళ్లాం బతికింది. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పనా? 'ఆపింది నేను కాదే' అని. చూడండి, ఎంత దూరం పోయిందో నా రోగం.

ఆ రోజు నుంచి ఊరంతా జంపక్క పేరే. హోటల్లో నేను ఇంజను తోక ఎత్తుకోగానే "అది కాదు తాతా, తాడు సంగతి చెప్పు" అనేవాళ్లు. జంపక్క ఆ హోటల్ గడప తొక్కదు, చాయ్ తాగదు. అయినా నా బల్ల ఆమెదయిపోయింది. ఇంట్లో బతుకమ్మ అన్నం వడ్డిస్తూ, "జంపక్క చెయ్యి బంగారం" అంది. ఆ పూట కూరలో ఉప్పు లేదని తిట్టాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

అప్పుడు సేటు నన్ను ఆఫీసులోకి పిలిచాడు. మిల్లును చూడడానికి తనిఖీ అధికారి వస్తున్నాడు. సుజాత చెయ్యి సంగతి పైదాకా పోయింది.

"ఈ తాడు ఎవరిదయ్యా ముత్యాలూ? మంచి ఆలోచన. ఆయన అడుగుతాడు, చెప్పాలి కదా."

తమ్ముళ్లూ, జిన్ను నుదుట ఒక ఇత్తడి పలక ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు. కనిపెట్టినవాడి పేరే అయి ఉంటుందని నలభై ఏళ్లుగా చింతపండు పెట్టి తోముతున్నాను. తోమినప్పుడల్లా వాడి మీద కుళ్లుకునేవాణ్ని. వాడు పోయి ఎంత కాలమైందో, పేరు మాత్రం ఇంకా మెరుస్తోంది, అదీ నా చింతపండుతో.

"నాదే సేటూ" అన్నాను.

"అలాగా! అయితే ఇత్తడి పలక చేయించి గోడకు కొట్టిద్దాం. ఇదిగో, దీని మీద సంతకం పెట్టు."

కాగితంలో ఏముందో అడగలేదు. పలక అన్న మాటకే కళ్లు చెమర్చాయి. నా సంతకం ముత్యాల్లా ఉంటుంది, పెట్టాను. అధికారి వచ్చాడు, తాడు లాగి చూశాడు, ఫోటోలు తీసుకున్నాడు, మెచ్చుకుని పోయాడు. మూడో రోజు పలక వచ్చింది. తుడిచి చూసుకుంటే దాని మీద ఉన్నది 'రాంబాబు రక్షణ తాడు'.

మింగాను. దొంగ సొమ్ము దొంగ ఎత్తుకుపోతే పోలీసు స్టేషనుకు పోతామా?

డిసెంబరులో పత్తి ఒక్కసారిగా వచ్చిపడింది. మిల్లు ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా. ఆడవాళ్లు పత్తి ఉండ ఇరుక్కున్నా తాడు లాగుతున్నారు, దుమ్ముకు ఊపిరాడకపోయినా లాగుతున్నారు. తప్పేముంది? దానికే కదా కట్టింది. సేటుకు మాత్రం ఆగిన ప్రతిసారీ ఒళ్లు మండింది. శనివారం పని దిగే వేళ అందరినీ వరసగా నిలబెట్టి, సోమవారం నుంచి తాడు ఉండదన్నాడు.

"పలక ఉంటది, తాడు ఉండదా సేటూ?" జంపక్క అడిగింది.

"నీకెందుకమ్మా? కనిపెట్టినవాడే ఒప్పుకున్నాడు." జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఈ తాడును నేనే తయారు చేశాను. అవసరం లేదని తోచినప్పుడు యాజమాన్యం తీసేసుకోవచ్చు. ఇట్లు, ముత్యాలు."

పద్నాలుగు జతల కళ్లు నా మీదికి తిరిగాయి. వరదలో ఇంజన్ను ఆపినవాణ్ని, ఆ కళ్ల ముందు కాళ్లు ఆగలేదు. ఇంటికి పోయాను.

ఆదివారం మధ్యాహ్నం జంపక్క వాకిట్లో మీటింగు. ఆడవాళ్లు, హమాలీలు, మిల్లు పనివాళ్లందరూ వచ్చారు. జంపక్క బిడ్డ నవత ఖమ్మంలో డిప్లొమా చదువుతోంది. తన దోస్తులను నలుగురిని తీసుకొచ్చింది. బతుకమ్మ నా చెయ్యి పట్టి లాక్కొచ్చి నడుమ కూర్చోబెట్టింది.

"నలభై ఏండ్ల సంది ఈయన అబద్ధాలు ఇంటున్న" అంది అందరితో. "ఇంజన్ అన్నడు, పులి అన్నడు, ఒక్కటన్న నన్ను కొరకలే. గీ అబద్ధం మాత్రం నా మెడ మీదికే వచ్చింది. ఏమయ్యా, ఆ కొంగు పోయిన్నాడు నేను సస్తే, పలక మీద నీ పేరు చూసుకుంట బువ్వ తిందువా?"

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సోమ్లా లేచాడు. "ముత్యాలన్నను కొట్టుడు తర్వాత. రేపు తాడు పోతది. దాని సంగతి మాట్లాడుండ్రి."

"పోనీయ్ అన్నా" అన్నాడు హమాలీల్లో ఒకడు. "సీజన్ల పని పోగొట్టుకుంటమా తాడు కోసం? మనం బేళ్లు మోసేటోళ్లం. మన చేతులు రోలర్ల పడయి."

"నీ పెండ్లాం చెయ్యి రోలర్ కాడనే ఉన్నది" అంది సుజాత. కట్టు విప్పిన మొండి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నన్ను చూడకురా అన్నా. ఆమెను చూడు."

వాడు పెళ్లాం వైపు తిరిగి చూశాడు.

నవత నా ముందు కూర్చుంది. "తాతా, నీ జిన్ను పుట్టుక ఎరికేనా? రెండు వందల ముప్పై ఏండ్ల కింద అమెరికాల విట్నీ అనేటాయన గింజ తీసే మిషన్‌కు పేటెంట్ తీసుకున్నడు. మనకాడున్న తోలు రోలర్ల రకం ఆ తర్వాత ఇంకొకాయన చేసిండు. చేతులతోని గింజ తీసే పని తప్పింది, ఇగ కష్టం తీరుతదనుకుంటం గద? తీరలే. గింజ జల్దీ వచ్చినకొద్దీ పత్తి ఎక్కువ ఏసిన్రు. ఎక్కువ ఏసినకొద్దీ ఏరనీకి ఇంకా ఇంకా బానిసలను కొన్నరు."

"అంటే మిషన్ పోయి వాళ్ల నడుముల మీద కూసున్నది" అన్నాడు సోమ్లా.

"తప్పు మిషన్‌ది గాదన్నా. స్విచ్ ఎవని చేతిల ఉన్నదో వానిది. ఇంకోటి ఇను. బానిస ఏమన్న కనిపెడితే ఆయన పేరు మీద పేటెంట్ రానీయకపోయేది."

జంపక్క చాటలో చింతగింజలు ఏరుతూ వింటోంది. తల ఎత్తకుండా అంది: "నాకు పేరెందుకు బిడ్డా. తాడు కావాలె."

అది విన్నాక ఇంక కూర్చోలేకపోయాను. లేచాను. "తాడు నాది కాదు" అన్నాను. "నాకు కుళ్లు పుట్టింది. తాళంచెవి ఉత్తదైపోయిందని కుళ్లు. నా పెండ్లాన్ని జంపక్క కాపాడిందని గూడ కుళ్లు. జిన్ను మీద ఆ ఇత్తడి పేరు చూసి, నా పేరు గూడ గట్ల ఉండాలెననుకున్న."

"ఏ ఇత్తడి పేరు తాతా?" నవత అడిగింది. పోయిన సెలవుల్లో మిల్లు చూడడానికి వచ్చి వెళ్లింది ఆ పిల్ల. "నుదుటి మీద ఉన్నదా? అది పేరు కాదు. రోజూ నూనె ఎయ్యుమని రాసిన్రు."

ఆ వాకిట్లో పుట్టిన నవ్వు మిల్లు చప్పుడును మించింది. నేనూ నవ్వాను. నలభై ఏళ్లు ఒక నూనె సంగతి మీద కుళ్లుకున్న మొనగాణ్ని నేను.

నవ్వు ఆగాక జంపక్క చాట కింద పెట్టింది. "రేపు పొద్దుగాల మిల్లు మొదలైనంక, వాళ్లు తాడు ముట్టకముందే అందరం పట్టుకుందం. ఒక్కరు లాగితే ఒక్కరిని తీసేస్తరు. అందరం లాగుదం."

"హమాలీలం బేలు ముట్టం" అన్నాడు సోమ్లా. ఇందాక వద్దన్నవాడే ముందుగా చెయ్యెత్తాడు.

సోమవారం ఎనిమిదింటికి స్విచ్చు వేశాను. పన్నెండు జిన్నులూ కదిలాయి. పావుగంటకు సేటు, వెనక కొడవలి పట్టుకున్న మనిషి వచ్చారు. జంపక్క తాడు మీద చెయ్యి వేసింది. పక్కన సుజాత ఎడమ చెయ్యి. దాని పక్కన బతుకమ్మ. వరసలో పద్నాలుగు మంది. ఒక్క గుంజు.

మిల్లు ఆగింది. గాలిలో ఉన్న దూది నెమ్మదిగా దిగి అందరి నెత్తుల మీద వాలింది. జిన్నుల చప్పుడులో వినపడని ఒకరి దగ్గు ఒకరికి వినపడింది. అందరికీ ఒకే దగ్గు.

"ఏంటమ్మా ఇది? ముందు తాడు వదలండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు సేటు.

"మాట్లాడినంక ఇడుస్తం" అంది జంపక్క. "తాడు ఉండాలె. తాళంచెవి గోడకు మేకు మీద ఉండాలె. సుజాతకు పని ఉండాలె."

"ఒక చెయ్యితో ఏం పని చేస్తుంది?"

"ఈ తాడు ఒక్క చెయ్యితోని లాగొచ్చు" అంది సుజాత. "ఇగ చూడు, లాగిన గద."

పదకొండింటికి పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై కుర్రవాడు. సేటు ఇచ్చిన కాగితం చూసి, మిల్లు ఆపి నష్టం చేశారని కేసు అన్నాడు. ఎవరి మీద రాయాలో అడిగాడు.

"తాడు కట్టిందెవరు?"

"నేనే" అంది జంపక్క.

"నేనే" అంది సుజాత.

"నేనే" అంది బతుకమ్మ.

ఎస్సై కలం ఆపాడు. "అందరూ కట్టిన్రా? ఆటలాడుతున్నరా?"

"అబద్ధం గాదు సారూ" అంది జంపక్క. "లెక్క పెట్టుకో. పద్నాలుగు ముళ్లున్నయ్. ఎవరి ముడి వాళ్లు చూపిస్తరు."

నిజంగానే చూపించారు. ఇది నా చేద తాడు, ఇది మా ఎద్దు పగ్గం, ఇది పళ్లతో బిగించిన ముడి, పంటి గాట్లు చూడండి సారూ అని. ఎస్సై తాడు పొడుగునా నడుచుకుంటూ రాసుకున్నాడు. పద్నాలుగు పేర్లు. కనిపెట్టినవాళ్ల పేర్లు ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కడం మా అడవిలో నేను చూసింది అదొక్కసారే. అంతా అయ్యాక నా ముందుకొచ్చి, "నువ్వా?" అన్నాడు. నేనూ ఛాతీ విరిచి "నేనే" అన్నాను. వ్యాను ఎక్కబోయాను. లోపల కిక్కిరిసి ఉంది. చోటు లేదు ముసలాయనా, పక్కకు జరుగు అని తలుపు వేశారు. జంపక్కకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆ సీటు చూసి నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. పుట్టదా మరి? నలభై ఏళ్ల సర్వీసు నాది.

వ్యాను కదలగానే సేటు మనిషి కొడవలితో తాడు నడిమికి కోశాడు. రెండు కొసలూ కింద పడ్డాయి. "స్విచ్చు వెయ్యి ముత్యాలూ" అన్నాడు సేటు. గేటు దగ్గర సోమ్లా మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. జిన్నుల దగ్గర ఒక్క మనిషి లేడు. నేను తాళంచెవి మొలతాడు నుంచి విప్పాను. గోడకున్న మేకు మీద తగిలించాను. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, కోసిన రెండు కొసలూ దగ్గరికి తెచ్చాను. తెగిన తాడుకు ఇంకో ముడి పడుతుంది కదా. పదిహేనో ముడి వేశాను. కమ్మరి వేళ్లకు పగ్గం ముడి రాలేదు, రెండుసార్లు జారింది.

మూడో రోజు వాళ్లు బెయిలు మీద వచ్చారు. ఆ మూడు రోజులూ మిల్లు తిరగలేదు. ట్రాక్టర్ల రైతులు సేటు ఆఫీసు ముందు కూర్చున్నారు. నాలుగో రోజు సేటు దిగొచ్చాడు, తాడు కిందే మిల్లు తిరిగింది. తాళంచెవి మేకు మీదే ఉంది. సుజాత పని సంగతి ఇంకా తేలలేదు. ఆమె రోజూ ఎనిమిదింటికి వచ్చి తాడు పక్కన నిలబడుతోంది, తేలేదాకా నిలబడుతుంది. కేసు నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా పద్నాలుగు మంది కోర్టుకు పోతారు, నేను సద్దిమూట మోస్తాను. జంపక్క మొన్న నా ముడి చూసి, "వదులున్నది మావా" అని, మళ్లీ విప్పి బిగించమంది. ఆమె ముట్టుకోలేదు. నన్నే బిగించమంది.

ఇదీ మా మిల్లు సంగతి. ఇందాక కొలుచుకోమన్న దూరం ఇప్పుడు కొలవండి. మీ గేటు లోపల ఎన్ని జిన్నులు? స్విచ్చు గది తాళంచెవి ఎవరి నడుముకు? నా చంకలో ఈ మూట ఏమిటని వచ్చినప్పటి నుంచి చూస్తున్నారు. తాడే. ఒక్క ముక్క, మా ఇంటి మంచం నులక. మిగతా ముక్కలు మీరు తేవాలి. తలా ఒక ముడి. ముందు చెయ్యి, వెనక చెయ్యి లేదు.

పోయే ముందు ఒక్క మాట. జొన్నచేను కాక ఈ కథలో నేను ఒక్కటే కల్పించాను. పులి సంగతి కాదు, పులి లేచింది నిజమే, మీరు పోయి అడగొచ్చు. నేను కల్పించింది వ్యాను సంగతి. ఎస్సై నన్ను "నువ్వా?" అన్నప్పుడు నేను "నేనే" అనలేదు. తాడు పొడుగునా నా ముడి కోసం చూశాను. లేదు. పలక కోసం అబద్ధమాడినవాణ్ని, కేసు కోసం ఆడలేకపోయాను. బతుకమ్మ కిటికీ లోంచి నన్నే చూసింది.

ఆ రోజు వ్యానులో చోటు ఉంది తమ్ముళ్లూ. ఆమె పక్కనే ఉంది. ఇప్పుడు నాకూ ఒక ముడి ఉంది. ఈసారి వ్యాను వస్తే, మీ గేటుకే రానీ, మా గేటుకే రానీ, కిటికీ పక్క సీటు మాత్రం జంపక్కకు ఇచ్చేది లేదు.